టోర్నమెంట్ పోకర్‌లో నిజంగా లాభంలో ఉన్నామా లేదా, లెక్క ఎలా కట్టాలి?

ప్రశ్న సారాంశం ఇది. అడిగిన తమ్ముడిది చిత్తూరు, వయసు 27, శ్రీసిటీలో నెలకు 32 వేల జీతం. ఏడాదిన్నరగా గోవా వెళ్లి లైవ్ టోర్నమెంట్లు ఆడుతున్నాడు. 46 టోర్నమెంట్లు ఆడాడు, ఒక్కో ఎంట్రీ 10 వేలు (8,800 ప్రైజ్ పూల్‌కి, 1,200 ఫీజు), ఫీల్డ్ (ఒక్కో టోర్నమెంట్‌లో పాల్గొనే మొత్తం) సుమారు 300 ఎంట్రీలు. తొమ్మిదిసార్లు డబ్బులొచ్చాయి: ఐదు మిన్‌క్యాష్‌లు (డబ్బొచ్చే స్థానాల్లో అన్నిటికంటే చిన్న ప్రైజులు) 20 వేల చొప్పున, ఇంకో మూడు కలిపి 1.7 లక్షలు, ఒకటి 4.3 లక్షలు. ఆ చివరిది ముగ్గురు మిగిలినప్పుడు డీల్ చేసుకుని (మిగిలిన ప్రైజులు మాట్లాడుకుని పంచుకుని) తీసుకున్నది. "4.6 లక్షలు పెట్టి 7 లక్షలు తెచ్చాను. ఆర్‌ఓఐ (పెట్టిన డబ్బు మీద లాభం) 52 శాతం, ఐటీఎం (డబ్బొచ్చిన ఎంట్రీల వంతు) దాదాపు 20 శాతం. ఉద్యోగం మానేసి ఇదే ఆడితే నిలబడతానా? మా బావ 3 లక్షలు స్టేక్ (నా ఆటకి డబ్బు పెట్టి గెలుపులో వాటా తీసుకోవడం) పెడతానంటున్నాడు, తీసుకోవచ్చా?" అన్నది ప్రశ్న. రీ-ఎంట్రీలు (ఓడి బయటికొచ్చాక మళ్లీ డబ్బు కట్టి చేరడం) ఒక 17 అయ్యాయని, గోవాకి ఏడుసార్లు వెళ్లానని, ట్రిప్‌కి 9 వేలు ఖర్చయిందని, ప్రైజుల్లో టీడీఎస్ పట్టుకున్నారు గానీ రిఫండ్ వస్తుందనుకుంటున్నానని ఆఖర్న కలిపాడు.

తమ్ముడూ, నేను తిరుపతిలో వ్యాపారస్తుల అకౌంట్లు రాసే పనిలో ఉన్నాను. టోర్నమెంట్ పోకర్ చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. ఈ రెండూ తెలిసినవాడిగా చెప్తున్నాను: నువ్వు లాభంలో లేవు, 2 లక్షల పైచిలుకు నష్టంలో ఉన్నావు. ఉద్యోగం మానొద్దు. అంకెలు ఇంత వివరంగా రాసుకున్నావు కాబట్టే ఇది చెప్పగలుగుతున్నాను. చాలామంది గెలిచినరోజు ఫొటో తప్ప ఏదీ దాచుకోరు.

నువ్వు ఆఖర్న కలిపిన ఆ మూడు నాలుగు మాటల్లోనే అసలు విషయం ఉంది. మన దామలచెరువు వైపు మామిడి తోట గుత్తకు తీసుకున్న ఎవరినైనా అడుగు. మందులు, కాపలా, కోత కూలీ, లారీ, మండీ కమీషన్ తీసేశాకే 'ఈ ఏడు మిగిలింది' అంటాడు గానీ, కాయ అమ్మిన డబ్బు చూసి అనడు. నీ 52 శాతం కాయ అమ్మిన డబ్బు లాంటిది.

వరసగా తీసేద్దాం. మొదట రీ-ఎంట్రీలు. రీ-ఎంట్రీ అంటే అదే టోర్నమెంట్‌లో ఇంకో అవకాశం అని మనసుకి అనిపిస్తుంది. లెక్కకి మాత్రం అది కొత్త టోర్నమెంట్. అంతే ఫీజు కడతావు, పైగా బ్లైండ్లు (ప్రతి ఆటకీ ముందే పెట్టాల్సిన పందేలు) పెరిగాక మొదలుపెడతావు కాబట్టి నీ స్టాక్ (చిప్పుల కుప్ప) వాటితో పోలిస్తే చిన్నదైపోతుంది. కాబట్టి నువ్వు ఆడింది 46 కాదు, 63. పెట్టింది 4.6 లక్షలు కాదు, 6.3 లక్షలు. లాభం 2.4 లక్షల నుంచి 70 వేలకి దిగింది. ఆర్‌ఓఐ 52 నుంచి 11 శాతానికి వచ్చింది. ఐటీఎం కూడా 9ని 46తో భాగిస్తే 19.6, 63తో భాగిస్తే 14.3 శాతం. 300 ఎంట్రీల ఫీల్డ్‌లో 40 మందికి డబ్బులిస్తే, కళ్లు మూసుకుని కూర్చున్న సగటు ఆటగాడి ఐటీఎం 13.3 శాతం ఉంటుంది. నువ్వు దానికి ఒక్క మెట్టు పైన ఉన్నావు, అంతే. '20 శాతం ఐటీఎం' అన్న ధైర్యం రీ-ఎంట్రీలు దాచడం వల్ల వచ్చింది.

తర్వాత ప్రయాణం. తిరుపతి నుంచి బెంగళూరు, అక్కడి నుంచి గోవా, రూము, తిండి, ఏడు ట్రిప్పులకి 63 వేలు. గోవా ఎలాగూ తిరగడానికి వెళ్లేవాణ్ణే అని కొందరు దీన్ని లెక్కలోకి తీసుకోరు. టోర్నమెంట్ లేకపోతే ఏడుసార్లు వెళ్లేవాడివా అని నిన్ను నువ్వు అడుగు. వెళ్లవు కాబట్టి అది ఆట ఖర్చే. ఇప్పుడు మిగిలింది 7 వేలు. డీలర్లకి ఇచ్చిన టిప్పులు నువ్వు రాయలేదు. అవి కూడా కలిపితే ఈ 7 వేలు ఉంటాయో ఉండవో.

ఇక పన్ను. ఇంగ్లీషులో చదివిన పోకర్ సలహాలు మన దగ్గర పనికిరాకుండా పోయేది ఇక్కడే, అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన చట్టంలో లాటరీ, గుర్రప్పందెం, కార్డ్ గేమ్ గెలుపులకి ప్రత్యేక రేటు ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది 115బీబీ సెక్షన్. రేటు 30 శాతం, 4 శాతం సెస్సు కలిపితే 31.2. స్లాబులు వర్తించవు, బేసిక్ ఎగ్జెంప్షన్ వర్తించదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఆదాయం సంపాదించడానికి చేసిన ఖర్చు ఏదీ తగ్గించుకోనివ్వరు. ఓడిన టోర్నమెంట్ల ఎంట్రీలు గెలిచిన ప్రైజులోంచి తీసేయడం కుదరదు. అంటే పన్ను నీ లాభం మీద పడట్లేదు, నీ ప్రైజ్ మీద పడుతోంది. జీతం మీద ఎక్కువ పట్టుకున్న టీడీఎస్ వెనక్కి వచ్చినట్టు ఇది రాదు. రిఫండ్ మీద ఆశ పెట్టుకోకు.

7 లక్షల మీద 31.2 శాతం అంటే 2,18,400 రూపాయలు. నీ దగ్గర మిగిలిన 7 వేలలోంచి ఇది తీసేస్తే మైనస్ 2,11,400. ఏడాదిన్నర ఆటకి నీ అసలు లెక్క ఇది. నీ ఇంట్లోవాళ్లకి చూపించాల్సిన అంకె కూడా ఇదే.

పోకర్ నైపుణ్యం ఆట కాబట్టి వ్యాపార ఆదాయంగా చూపించుకోవచ్చు అని ఎవరైనా అంటారు. ఆ వాదన ఉన్నమాట నిజమే. కానీ చట్టంలో 'కార్డ్ గేమ్' అన్న మాట నేరుగా ఉంది. నోటీసు వస్తే వాదించుకోవాల్సింది నువ్వు, ఆ సలహా ఇచ్చినవాడు కాదు. రిటర్న్ వేసే ముందు ఆడిటర్‌కి టీడీఎస్ సర్టిఫికెట్లు, ఎంట్రీ స్లిప్పులు అన్నీ చూపించు.

ఇందులోంచి ప్రతి భారతీయ టోర్నమెంట్ ఆటగాడూ కంఠస్థం చేయాల్సిన అంకె ఒకటి వస్తుంది. వంద రూపాయల ప్రైజులో చేతికి మిగిలేది 68.80. పెట్టిన వంద తిరిగి రావాలంటే ప్రైజు 145 రూపాయలు పైగా రావాలి. అంటే ప్రయాణం, తిండి ఏవీ లెక్కేయకుండానే పన్నుకి ముందు ఆర్‌ఓఐ 45 శాతం దాటితేనే సున్నాకి చేరతావు. బ్రిటన్‌లో జూదం గెలుపు మీద ఆటగాడికి పన్ను లేదు. అమెరికాలో నష్టాలు తగ్గించుకోవచ్చు. 2026 నుంచి నష్టాల్లో 90 శాతమే తగ్గించుకోవాలని మార్చితేనే అక్కడి ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు. మనకి అది సున్నా. కాబట్టి 'లైవ్‌లో 20, 30 శాతం ఆర్‌ఓఐ ఉంటే బతికేయొచ్చు' అని ఎక్కడైనా చదివితే, అది రాసినవాడి దేశం ఏదో ముందు చూడు. ఇక్కడ 30 శాతం ఆర్‌ఓఐ ఉన్న మంచి ఆటగాడు కూడా పూర్తిగా పన్ను కడితే ప్రతి వందకీ పది రూపాయలు పోగొట్టుకుంటాడు.

మిన్‌క్యాష్ సంగతి కూడా ఇదే కళ్లతో చూడు. ఒక ఎంట్రీ, ఒక రీ-ఎంట్రీ వేసి 20 వేల ప్రైజ్ తెచ్చుకున్న రోజు 'పెట్టింది వచ్చేసింది' అనుకుంటాం. చేతికొచ్చేది 13,760. ఆరోజు 6,240 పోయింది. ఐటీఎం జాబితాలో మాత్రం అది గెలుపుగా కనిపిస్తుంది. నీ తొమ్మిది క్యాష్‌లలో ఐదు ఇలాంటివే. ఐటీఎం అనే కొలతని నేను పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం ఇది. బబుల్ (డబ్బొచ్చే స్థానాలకి కాస్త ముందు దశ) దగ్గర భయపడి మడుచుకు కూర్చునేవాడికి ఐటీఎం పెరుగుతుంది, డబ్బు తగ్గుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది జరిగిపోయినదాని లెక్క. అసలు ప్రశ్న వేరే ఉంది: నువ్వు మంచి ఆటగాడివేనా? ముందు ముందు లాభం వస్తుందా? దీనికి నీ 63 ఎంట్రీలు జవాబు చెప్పలేవు. నువ్వు గొప్పవాడివని చెప్పలేవు, పనికిరావని కూడా చెప్పలేవు.

ఎందుకో చూడు. టోర్నమెంట్‌లో డబ్బంతా పైన మూడు నాలుగు స్థానాల్లో ఉంటుంది. ఎక్కువ రోజులు మైనస్ 10 వేలు, ఎప్పుడో ఒకరోజు ప్లస్ 4 లక్షలు. ఫలితాలు సగటు నుంచి ఎంత దూరం ఊగుతాయో చెప్పే కొలతని స్టాండర్డ్ డీవియేషన్ అంటారు. 300 మంది ఫీల్డ్‌లో, మామూలు ప్రైజ్ పంపకంలో అది దాదాపు 5 ఎంట్రీల మొత్తానికి సమానం ఉంటుంది. దాన్ని ఆడిన ఎంట్రీల వర్గమూలంతో భాగిస్తే నీ ఆర్‌ఓఐలో ఎంత తేడా ఉండొచ్చో తెలుస్తుంది. 63 వర్గమూలం దాదాపు 8. ఐదుని దానితో భాగిస్తే 0.63. అంటే నీ 11 శాతానికి అటు 63, ఇటు 63. నీ అసలు సామర్థ్యం మైనస్ 52 అయినా, ప్లస్ 74 అయినా ఇలాంటి ఫలితమే రావడంలో ఆశ్చర్యం లేదు. అంత వెడల్పు ఉన్న అంకెని పట్టుకుని జీవితం మార్చే నిర్ణయం తీసుకోకూడదు.

ఈ తేడా 10 శాతానికి తగ్గాలంటే 2,500 ఎంట్రీలు కావాలి. 5 శాతానికి తగ్గాలంటే 10 వేలు. నువ్వు ఏడాదికి 42 వేస్తున్నావు. ఈ వేగంతో 2,500 చేరడానికి దాదాపు 60 ఏళ్లు. ఆన్‌లైన్ ఉన్నరోజుల్లో ఒకేసారి ఆరేడు టేబుళ్లు తెరిచి ఒక్క ఏడాదిలోనే 2,500 దాటినవాళ్లున్నారు. ఇప్పుడు ఆ దారి లేదు. మన రాష్ట్రంలో 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లని ఆపేశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, నైపుణ్యం ఆటైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించింది. ఎవరో వీపీఎన్ పెట్టి విదేశీ సైట్‌లో ఆడుకో, శాంపిల్ పెరుగుతుంది అని చెప్తే వినకు. చట్టం ఒక సమస్య. డబ్బు ఇరుక్కుంటే అడగడానికి ఎవరూ లేకపోవడం ఇంకో సమస్య. అంటే లైవ్ మాత్రమే ఆడే ఇప్పటి కుర్రాళ్లకి ఫలితాల ద్వారా తమ స్థాయి తెలుసుకునే అవకాశం దాదాపు పోయింది. నీకు నచ్చినా నచ్చకపోయినా ఇదే పరిస్థితి.

నీ 4.3 లక్షల గురించి ఇంకో మాట. దాన్ని పక్కన పెడితే 6.3 లక్షలకి వచ్చింది 2.7 లక్షలు, ఆర్‌ఓఐ మైనస్ 57. కొందరు ఇది చూపించి 'ఒక్క అదృష్టం తప్ప నీ దగ్గర ఏం లేదు' అంటారు. అది అన్యాయం. టోర్నమెంట్‌లో లాభం రావాల్సిందే అలాంటి ఒకటి రెండు రోజుల్లోంచి. అవి తీసేస్తే ప్రపంచంలో ఎవరి లెక్కైనా ఎర్రగానే కనిపిస్తుంది. సరైన ప్రశ్న ఇలా వేయాలి: ఏ ప్రత్యేకతా లేని సగటు ఆటగాడు 63 ఎంట్రీలు వేస్తే, కనీసం ఒక్కసారి టాప్-3కి చేరే అవకాశం ఎంత? ఒక ఎంట్రీకి వందలో ఒకటి. 63 ఎంట్రీల్లో ఒక్కసారీ చేరకపోయే అవకాశం 53 శాతం. అంటే చేరే అవకాశం 47 శాతం. దాదాపు బొమ్మా బొరుసూ. నీకు పడింది. దానికి సంతోషించు, కానీ దాన్ని రుజువు అనుకోకు.

ఫలితాలు చెప్పకపోతే మరి దేన్ని కొలవాలి? నిర్ణయాలని కొలవాలి. లైవ్‌లో ఇది కష్టమే గానీ కుదురుతుంది. ప్రతి బ్రేక్‌లో ఫోన్‌లో రెండు మూడు చేతులు (ఒక్కో పంపకంలో జరిగిన ఆట) రాసుకో: స్టాక్ ఎన్ని బిగ్ బ్లైండ్లు (రెండు బ్లైండ్లలో పెద్దది), పొజిషన్ (టేబుల్ దగ్గర నీ వంతు ఎక్కడ), కార్డులు, ఎవరు ఏం చేశారు. ఇంటికొచ్చాక పది, పన్నెండు బిగ్ బ్లైండ్ల లోపు చేతులన్నీ పుష్-ఫోల్డ్ చార్టులతో (ఏ కార్డులతో చిప్పులన్నీ పెట్టాలో, ఏవి వదిలేయాలో చెప్పే పట్టికలు) పోల్చు. ఆ లోతులో సరైన జవాబు ఏంటో చార్ట్ చెప్పేస్తుంది, అభిప్రాయాలతో పని లేదు. అరవై చేతుల్లో పదిహేను తప్పులుంటే నీకు ఎడ్జ్ (మిగతావాళ్ల మీద పైచేయి) లేదని 2,500 టోర్నమెంట్లు ఆగకుండానే తెలిసిపోతుంది. ఇంత చిన్న శాంపిల్‌తో నమ్మదగ్గ జవాబిచ్చే కొలత నాకు తెలిసి ఇదొక్కటే.

ఆల్-ఇన్‌లు (చిప్పులన్నీ పెట్టేసిన చేతులు) కూడా రాయి. కార్డులు తెరిచిన క్షణంలో నీ అవకాశం ఎంత, ఫలితం ఏంటి. ఏసులు రాజుల మీద ఉంటే 82 శాతం, ఏస్-కింగ్ రాణుల జత మీద ఉంటే 43 నుంచి 46. ఇలా యాభై ఆల్-ఇన్‌లు పోగయ్యాక, రావాల్సిన దానికంటే ఎక్కువ గెలిచావా తక్కువా అన్నది కనిపిస్తుంది. ఐదుసార్లు వరసగా 80 శాతం ఫేవరెట్‌గా ఆల్-ఇన్ వెళ్లినా ఐదూ నిలబడే అవకాశం 33 శాతమే. ఫైనల్ టేబుల్ చేరిన రోజు ఇలాంటివి ఎన్ని నిలబడ్డాయో గుర్తు తెచ్చుకుంటే, ఆ రోజుని ఎంతవరకు నీ ఖాతాలో వేసుకోవాలో తెలుస్తుంది.

డీల్ చేశానన్నావు కాబట్టి ఐసీఎం (చిప్పుల్ని డబ్బు విలువలోకి మార్చే లెక్క) గురించీ చెప్పాలి. టోర్నమెంట్‌లో చిప్పులు డబ్బు కావు. ముగ్గురు మిగిలారు, మిగిలిన ప్రైజులు 50, 30, 20 వేలు అనుకో. చిప్పుల్లో నీకు సగం, రెండోవాడికి 30 శాతం, మూడోవాడికి 20 శాతం ఉన్నాయి. చిప్పులు సగం కాబట్టి లక్షలో 50 వేలు నావి అనిపిస్తుంది. ఐసీఎం లెక్కలో నీ వాటా 38,390. రెండోవాడిది 32,750, అందరికంటే తక్కువున్న వాడిది 28,860. ఎవరు ఏ స్థానంలో ముగిస్తారో వాళ్ల చిప్పుల నిష్పత్తితో అంచనా కట్టే పద్ధతి ఇది. 1973లో హార్విల్ అనే గణాంక శాస్త్రవేత్త గుర్రప్పందేల కోసం రాసిన సూత్రాన్నే తర్వాత మేసన్ మాల్మత్ పోకర్‌కి తెచ్చాడు. నువ్వు డీల్ చేసినరోజు ముగ్గురి చిప్పులు, మిగిలిన ప్రైజులు గుర్తుంటే ఫోన్‌లో ఐసీఎం కాలిక్యులేటర్‌లో వేసి చూడు. నీ న్యాయమైన వాటా 3.9 లక్షలు ఉండి 4.3 తీసుకున్నావంటే ఆ 40 వేలు బేరం చేయడంలో వచ్చినవి, ఆటలో వచ్చినవి కావు. రెండూ డబ్బే, కానీ షీట్‌లో వేరువేరు గడుల్లో ఉండాలి. ఇంకోటి: డీల్ ఎప్పుడైనా టోర్నమెంట్ డెస్క్ దగ్గర రాయించు. బయట చేతులు మారిన డబ్బుకీ కాగితం మీద ప్రైజుకీ పొంతన లేకపోతే, నీకు రాని డబ్బు మీద నీ పేరున టీడీఎస్ పడుతుంది.

షీట్ ఎలా ఉండాలని నువ్వు అడగలేదు గానీ చెప్తాను. ప్రతి ఎంట్రీకి ఒక వరస, రీ-ఎంట్రీకి వేరే వరస. తేదీ, ఎంట్రీ మొత్తం, అందులో ఫీజు, ఎంత స్టాక్‌తో మొదలుపెట్టావు, ఎన్ని గంటలు, ఏ స్థానం, ప్రైజు, పన్ను పోను చేతికొచ్చింది, నీ వాటా ఎంత. వాటా గడి ఎందుకంటే, నీ ఫలితంలో 30 శాతం వాటా ఎవరికైనా అమ్మి ఉంటే ఖర్చులోనూ ప్రైజులోనూ 70 శాతమే నీది. స్నేహితుడితో స్వాప్ (ఒకరి గెలుపులో ఒకరికి వాటా) చేసుకుని అతను గెలిస్తే వచ్చింది నీ ఆట ఫలితం కాదు, దాన్ని విడిగా రాయి. రీ-ఎంట్రీ వరసలు మాత్రమే వడపోసి చూస్తే చాలామందికి అక్కడే రంధ్రం దొరుకుతుంది. పదిహేను బిగ్ బ్లైండ్లతో, కోపంలో, టెన్షన్‌లో వేసిన రెండో ఎంట్రీలు అవి. నీకు 46 టోర్నమెంట్లకి 17 అంటే ప్రతి మూడింటికీ ఒకటి పైనే. వాటిలోంచి ఎంతొచ్చిందో విడగొట్టి చూడమని గట్టిగా చెప్తున్నాను.

శాటిలైట్ (పెద్ద టోర్నమెంట్ టికెట్‌ని ప్రైజుగా ఇచ్చే చిన్న టోర్నమెంట్) ద్వారా టికెట్ గెలిచినప్పుడు కూడా జాగ్రత్త. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ శాటిలైట్ నుంచి మొదలుపెట్టి, 10 వేల డాలర్ల ఎంట్రీ ఉన్న వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో 839 మందిలో గెలిచి 25 లక్షల డాలర్లు తీసుకున్నాడు. 86 పెట్టి 25 లక్షలు అని అందరూ చెప్పుకుంటారు. లెక్క అలా రాయకూడదు. శాటిలైట్ ఒక ఆట: 86 పెట్టి 10 వేల విలువ గెలిచాడు. మెయిన్ ఈవెంట్ ఇంకో ఆట: 10 వేల విలువ పెట్టి 25 లక్షలు. నువ్వు 2 వేల శాటిలైట్‌లో 10 వేల టికెట్ గెలిస్తే అసలు టోర్నమెంట్ వరసలో ఖర్చు 10 వేలే రాయాలి. లేకపోతే శాటిలైట్లలో బాగా ఆడుతున్నావా, అసలు టోర్నమెంట్లలోనా అన్నది ఎప్పటికీ తేలదు.

వాట్సాప్ గ్రూపుల్లో హెండన్ మాబ్ (లైవ్ టోర్నమెంట్ ఫలితాలు నమోదు చేసే వెబ్‌సైట్) పేజీ స్క్రీన్‌షాట్లు పెట్టి 'లైఫ్‌టైమ్ 40 లక్షలు' అంటుంటారు. ఆ పేజీలో కనిపించేది గెలిచిన ప్రైజులు మాత్రమే. కట్టిన ఎంట్రీలు, రీ-ఎంట్రీలు అందులో ఉండవు. 40 లక్షలు గెలవడానికి 60 లక్షలు పెట్టినవాడి పేజీ కూడా అలాగే ఉంటుంది. వాళ్లని చూసి నిన్ను కొలుచుకోకు.

గంటల లెక్క త్వరగా చూసేద్దాం. ఎంట్రీకి సగటున నాలుగు గంటలు అనుకుంటే 63కి 252 గంటలు. నువ్వనుకున్న 2.4 లక్షలైతే గంటకి 950 దాకా వచ్చేది. రీ-ఎంట్రీలు తీసేస్తే 278. ప్రయాణం తీసేస్తే 28. పన్ను తర్వాత సున్నా కింద. నీ ఉద్యోగంలో నెలకి 26 రోజులు, ఎనిమిది గంటల చొప్పున చూస్తే గంటకి 154 వస్తోంది, పీఎఫ్ కాకుండా.

సరే, నీ అసలు ఆర్‌ఓఐ నిజంగా 11 శాతమే అనుకుందాం, పన్ను లేదనీ అనుకుందాం. పూర్తిగా ఆడాలంటే ఎంత డబ్బు వెనకాల ఉండాలి? సుమారు లెక్క ఒకటుంది. ఆర్‌ఓఐని రెండుతో, చేతిలో ఉన్న ఎంట్రీల సంఖ్యతో గుణించి, స్టాండర్డ్ డీవియేషన్ వర్గంతో భాగిస్తే, ఎప్పటికైనా మొత్తం పోగొట్టుకునే అవకాశం ఎంతో అందులోంచి లెక్కకట్టొచ్చు. 100 ఎంట్రీలు, అంటే 10 లక్షలు పెట్టుకుని కూర్చున్నా అది 41 శాతం. నిజంగా లాభం తెచ్చే ఆటగాడికే ఇది. 5 శాతానికి తగ్గించాలంటే 340 ఎంట్రీలు, 34 లక్షలు కావాలి. ఇంటి ఖర్చులకి అందులోంచి నెలనెలా తీస్తే ఆ అంకెలు ఇంకా చెడతాయి. నీ దగ్గర ఇంత లేదని నీ ప్రశ్నలోనే తెలుస్తోంది. అందుకే ఉద్యోగం విషయంలో నా మాటలో 'ఒకవేళ' అనేది లేదు.

ఆట మానమని నేను చెప్పను. నాకూ ఈ ఆటంటే ప్రాణం. ఏడాదికి ఎంత పోయినా ఇంటికి దెబ్బ తగలదో ముందే నిర్ణయించుకుని, గోవా రెండు ట్రిప్పులకి తగ్గించి, ఒక్కో సిరీస్‌కి రీ-ఎంట్రీల పరిమితి కాగితం మీద రాసుకుని వెళ్లు. మిగతా కాలం చేతులు చదువు. ఇక్కడ మన ఊళ్లో ఎవరిదో గదిలో, క్లబ్బులో డబ్బు పెట్టి ఆడే టేబుళ్లకి మాత్రం వెళ్లకు. ఆంధ్రాలో అది కేసు అవుతుంది. గోవాలో చట్టం అనుమతించినట్టు ఇక్కడ లేదు.

ఇక మీ బావ 3 లక్షలు. స్టేక్ తీసుకోవడం తప్పేం కాదు, ప్రపంచమంతా చేస్తున్నదే. కానీ ఇచ్చేవాడికి ఏం వస్తుందో ముందు ఆయనకి చెప్పాలి. కొందరు తమ వాటాని మార్కప్ వేసి అమ్ముతారు, 1.2 అంటే వంద విలువకి 120 తీసుకుంటారు. 11 శాతం ఆర్‌ఓఐ ఉన్నవాడు 1.2కి అమ్మితే కొన్నవాడు 120 ఇచ్చి 111 తీసుకుంటాడు, పన్నుకి ముందే నష్టం. నువ్వు మార్కప్ ఏమీ లేకుండా, మీ బావే కదా అని సమానంగా పంచినా, పన్ను పోయాక ఆయన పెట్టే ప్రతి వందకీ తిరిగొచ్చేది 76 రూపాయలు. అది కూడా నీ 11 శాతం నిజమైతే. ఈ ఒక్క అంకె ఆయనకి చూపించి, అయినా ఇస్తానంటే ఎంత పోతే ఆపేయాలో, టీడీఎస్ ఎవరి ఖాతాలో పడుతుందో, నష్టం వచ్చాక దాన్ని నువ్వు పూడ్చాలా వద్దా అన్నది రాసుకుని మీ అక్క ముందు ఇద్దరూ సంతకాలు పెట్టండి. చూపించకుండా తీసుకోకు.